విషవాయువు, రసాయనాలతో ఆరోగ్యం దెబ్బతింటే పరిహారం ఎక్కడ అడగాలి? ఆరు దారుల పోలిక

ఫ్యాక్టరీ ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికుడు, అదే ఫ్యాక్టరీ గోడ ఇవతల ఇంట్లో నిద్రలోనే గ్యాస్ పీల్చిన ఇల్లాలు, మిరప తోటలో మందు కొడుతూ పడిపోయిన రైతు. ముగ్గురి ఒంట్లోకీ విషమే వెళ్లింది. చట్టం మాత్రం ముగ్గురినీ మూడు చోట్లకు పంపుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఎవరో చెప్పారని కలెక్టరేట్‌లో ఒక అర్జీ ఇస్తారు. ఆ రసీదు పట్టుకుని ఏళ్లు ఎదురుచూస్తారు. అసలు వెళ్లాల్సిన చోట ఈలోపు గడువు దాటిపోతుంది. నష్టపోయినవాళ్లకు జరిగే రెండో అన్యాయం ఇది. దీన్ని ఆపడం మన చేతుల్లోనే ఉంది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది: విషం సోకినప్పుడు మీరు ఎవరు? అక్కడ పనిచేసేవారా, పక్కన నివసించేవారా, ఆ సరుకు కొని వాడినవారా? మిగతా ప్రశ్నలన్నిటికంటే ఇదే పెద్దది. పక్కింటివారికి బాగా పనిచేసిన దారి మీకు అసలు లేకపోవచ్చు.

రెండోది: ఒక్కసారిగా జరిగిందా, మెల్లమెల్లగా జరిగిందా? ట్యాంకు నుంచి గ్యాస్ లీకైతే తేదీ, గంట అందరికీ తెలుస్తాయి. క్వార్ట్జ్ రాళ్లు పిండి చేసే మిల్లులో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవారికి సిలికాసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఏ రోజు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సరైతే పని మానేసిన దశాబ్దాల తర్వాత కూడా బయటపడుతుంది.

మూడోది గడువు. నాలుగోది రుజువు భారం. కొన్ని చోట్ల కంపెనీ తప్పు చేసిందని మీరు చూపాలి, కొన్ని చోట్ల ఆ అవసరమే లేదు. ఐదోది చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న: ఈ తలుపు తడితే ఇంకే తలుపు మూసుకుపోతుంది?

| దారి | ఎవరికి | గడువు | తప్పు నిరూపించాలా? | మూసుకుపోయేది |
|---|---|---|---|---|
| ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) | బీమా ఉన్న కార్మికులు | వెంటనే చెప్పడం మేలు | అక్కర్లేదు | అదే గాయానికి ఇతర పరిహారం |
| కార్మిక నష్టపరిహారం | ఈఎస్ఐ లేని కార్మికులు | 2 ఏళ్లు | అక్కర్లేదు | సివిల్ దావా |
| హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే కోర్టు) | చుట్టుపక్కల ప్రజలు | 5 ఏళ్లు | అక్కర్లేదు | సివిల్ కోర్టు |
| కలెక్టరు దగ్గర తక్షణ సాయం | ప్రమాద బాధితులు, కార్మికులు కానివారు | 5 ఏళ్లు | అక్కర్లేదు | ఏదీ కాదు |
| వినియోగదారుల కమిషన్ | సరుకు కొన్నవారు, వాడినవారు | 2 ఏళ్లు | సరుకులో లోపం చూపాలి | అదే నష్టానికి రెండోసారి |
| హైకోర్టు రిట్ | ప్రభుత్వ నిర్లక్ష్యం స్పష్టంగా ఉన్నవారు | ఆలస్యం చేయకూడదు | వివాదం లేని వాస్తవాలు కావాలి | ఏదీ కాదు |

కార్మికులకు: ఈఎస్ఐ, కార్మిక నష్టపరిహారం

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే మీ దారి దాదాపు నిర్ణయమైపోయినట్టే. వృత్తి వల్ల వచ్చిన జబ్బును ఈఎస్ఐ ఉద్యోగ గాయంగా లెక్కిస్తుంది. వైకల్యం శాశ్వతమైతే నెలనెలా డబ్బు వస్తుంది, మనిషి పోతే కుటుంబానికి వస్తుంది. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. అయితే ఈఎస్ఐ కింద వచ్చే గాయానికి యజమాని నుంచైనా ఇంకెవరి నుంచైనా వేరే నష్టపరిహారం రాబట్టడానికి వీల్లేదని చట్టం చెబుతోంది. 1997లో వెస్టర్న్ ఇండియా ప్లైవుడ్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖరారు చేసింది. కంపెనీ ఎంత పెద్దదైనా, నిర్లక్ష్యం ఎంత ఘోరమైనా, ఈఎస్ఐ కార్మికుడు కోట్ల రూపాయల సివిల్ దావా వేయలేడు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. అయినా ఉన్న చట్టం ఇదే కాబట్టి ఆ ఆశతో కాలం పోగొట్టుకోవద్దు.

ఈఎస్ఐ లేనివారి దారి లేబర్ డిపార్ట్‌మెంటు అధికారి దగ్గర వేసే నష్టపరిహారం క్లెయిము. 1923 నాటి చట్టం ఇది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి దీన్ని, ఈఎస్ఐ చట్టాన్ని తనలో కలుపుకుంది. సెక్షన్ నంబర్లు మారాయి కానీ పద్ధతి చాలావరకు పాతదే. మీ జబ్బు తేదీని బట్టి అర్జీలో ఏ చట్టం రాయాలో లేబర్ ఆఫీసులో అడిగి రాయండి.

ఈ దారిలో ఉన్న గొప్ప మేలు వృత్తి జబ్బుల షెడ్యూలు. సీసం, పాదరసం, బెంజీన్ లాంటి విషాలు, సిలికాసిస్, ఆస్‌బెస్టాసిస్, నూలు మిల్లు కార్మికులకు వచ్చే బిసినోసిస్ అందులో ఉన్నాయి. జబ్బు ఆ జాబితాలో ఉండి, మీరు ఆ పనిలో నిర్ణీత కాలం చేశారని చూపగలిగితే, ఆ పని వల్లే జబ్బు వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని చూపాల్సిన భారం యజమానిదే. మీరు బీడీ తాగుతారు కాబట్టి ఊపిరితిత్తులు పోయాయని అవతలి లాయరు అన్నంత మాత్రాన కేసు పోదు.

డబ్బు లెక్క సూత్రం ప్రకారం నడుస్తుంది. మరణానికి నెల జీతంలో సగాన్ని, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చిస్తారు. 40 ఏళ్ల మనిషికి ఆ అంకె 184.17. జీతాన్ని ఎక్కువలో ఎక్కువ 15,000గానే లెక్కించాలని 2020 జనవరిలో కేంద్రం పరిమితి పెట్టింది. దాని ప్రకారం 40 ఏళ్ల కార్మికుడు చనిపోతే 7,500ను 184.17తో హెచ్చించాలి, అంటే 13,81,275 రూపాయలు. మీ జీతం 30,000 అయినా అంతే. పెద్ద మొత్తం కాదు. కానీ ఖాయంగా తేలే మొత్తం. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా పడతాయి.

ఇక్కడ మూడు సంగతులు మరిచిపోవద్దు. ఒకటి, కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు కంపెనీని బాధ్యుణ్ని చేయవచ్చు. ముఠా మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదని కుంగిపోనక్కర్లేదు. రెండు, క్లెయిము పనిచేసిన ఊళ్లోనే వేయాలని లేదు. మీరు నివసించే చోట కూడా వేయవచ్చు. ఒడిశా నుంచి పటాన్‌చెరుకు, శ్రీకాకుళం నుంచి గుజరాత్‌కు వలస వెళ్లి జబ్బుతో ఇంటికి తిరిగొచ్చినవారికి ఇది ప్రాణంలాంటి సదుపాయం. మూడు, మరణం కేసులో యజమాని డబ్బును అధికారి దగ్గరే జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో కొంత పెట్టి స్టాంపు పేపరు మీద "ఇక ఏమీ అడగం" అని సంతకం చేయించుకున్నా, అది మీ హక్కును తుడిచేయదు. అలాంటి సంతకం చేసేశామని ఊరుకున్న కుటుంబాలు ఇప్పటికైనా గడువు చూసుకోవాలి.

గడువు రెండేళ్లు. వృత్తి జబ్బుకు ఆ రెండేళ్లు, జబ్బు వల్ల వరుసగా పని మానేసిన మొదటి రోజు నుంచి మొదలవుతాయి. అందుకే ఆ తేదీ హాజరు పుస్తకంలోనో ఆసుపత్రి చీటీలోనో నమోదై ఉండేలా చూసుకోవాలి. జబ్బు ఇప్పటి పనిలోని దుమ్ము వల్లా, పాత పనిలోని దుమ్ము వల్లా అన్న వాదన వస్తే పాత రికార్డే కాపాడుతుంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగం మొదలైనప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు కంపెనీలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. ఆ రికార్డు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న కాగితం కూడా మీకు పనికొస్తుంది.

కార్మిక నష్టపరిహారమా, సివిల్ దావానా అనేది ఒకసారి ఎంచుకుంటే మార్చుకోవడం కుదరదు. లేబర్ అధికారి దగ్గర క్లెయిము వేశాక అదే గాయానికి సివిల్ కోర్టుకు వెళ్లలేరు, అక్కడికి వెళ్తే ఇక్కడికి రాలేరు. నా సలహా ఇది: కుటుంబంలో సంపాదించే మనిషి ఒక్కరే అయి, రుజువులు పలచగా ఉంటే లేబర్ అధికారి దగ్గరికే వెళ్లండి. వయసు చిన్నది, జీతం పెద్దది, కంపెనీ నిర్లక్ష్యానికి గట్టి కాగితాలు ఉన్నాయి, ఏళ్లు ఆగే స్తోమత ఉంది అంటేనే సివిల్ దావా గురించి లాయరుతో మాట్లాడండి.

చుట్టుపక్కల నివసించేవారికి: హరిత ట్రిబ్యునల్

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊళ్ల మీదకు వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. జూన్ 1న కంపెనీకి సంపూర్ణ బాధ్యత ఉందని తేల్చింది. సంపూర్ణ బాధ్యత అనే ఈ సూత్రం ఢిల్లీలో 1985 డిసెంబరులో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో, 1986 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు ఎంత జాగ్రత్త తీసుకున్నామన్నా, విధి వశాత్తు జరిగిందన్నా కోర్టు వినదు. హాని జరిగిందా, పరిహారం కట్టాల్సిందే. భోపాల్‌లో వేల ప్రాణాలు పోయాక మన న్యాయవ్యవస్థ గట్టిగా నిలబెట్టుకున్న మాట అది.

అందుకే ఫ్యాక్టరీ పక్క ఊరివారికి నేను మొదట చెప్పేది ట్రిబ్యునలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. విచారణలకు వీడియో ద్వారా హాజరు కావచ్చు. సివిల్ కోర్టు విచారణ నియమాలు దాన్ని అంతగా కట్టిపడేయవు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం ఫీజు, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ట్రిబ్యునల్ వినగలిగే పరిహార వ్యవహారాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదు కాబట్టి, జిల్లా కోర్టులో దావా వేయిస్తానని ఎవరైనా అంటే ముందు ఈ మాట అడగండి.

గడువు 5 ఏళ్లు, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి. పైన ఇంకో 60 రోజులు సరైన కారణం ఉంటే ఇస్తారు. ఈ "మొదట" అన్నదే బాధ పెట్టేది. బోరు నీళ్లు పాడైన సంగతి 2016లో తెలిసి, మూత్రపిండాలు 2023లో దెబ్బతింటే, మొదటి రోజు ఏది అని అవతలివారు తప్పక వాదిస్తారు. విశాఖ బాధితులకు మామూలు లెక్కలో 2025 మేతో ఐదేళ్లు నిండాయి. అయితే కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం మీకు వర్తిస్తుందని వాదించడానికి చోటుంది. ఇంకా అర్జీ పెట్టని కుటుంబాలు ఈ వారంలోనే లాయరును కలవాలి.

ఇక్కడ తూకం ఇది: ట్రిబ్యునల్ గ్రామం మొత్తానికి, నేలకు, నీటికి మేలు చేయగలదు. ఒక్కొక్కరి జబ్బుకు ఎంత అనేది విడిగా లెక్కకట్టడం మాత్రం నెమ్మదిగా సాగుతుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాల కేసు 1990లో సుప్రీంకోర్టులో మొదలై హైకోర్టుకు, అక్కణ్నుంచి ట్రిబ్యునల్‌కు మారుతూ రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. అందుకే గుంపుగా వెళ్లండి, కానీ ప్రతి మనిషికీ విడి మెడికల్ ఫైలు ఉంచండి. "మా ఊరంతా జబ్బుపడింది" అన్న ఒక్క మాటతో మీ పాపకు ఆస్తమా మందుల ఖర్చు రాదు.

ఇంకో సంగతి. తప్పు నిరూపించకుండానే పరిహారం ఇచ్చే సెక్షన్లో "కార్మికులు కాకుండా" అన్న మాట ఉంది. ఫ్యాక్టరీ లోపల గాయపడినవారు పక్క ఊరివారి అర్జీలో పేరు చేర్చుకుని అదే చాలని అనుకోకూడదు.

కలెక్టరు దగ్గర తక్షణ సాయం, ఎక్స్‌గ్రేషియా

1991 ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రకారం ప్రమాదకర పదార్థాలతో పనిచేసే కంపెనీలు బీమా చేయించాలి. ప్రమాదం జరిగితే కార్మికులు కానివారు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టమే చెబుతోంది. మొత్తం మాత్రం చిన్నది. మొదట్లో మరణానికి పెట్టింది 25,000 రూపాయలే. ఇప్పుడు అమల్లో ఉన్న రేటు కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి. మెల్లగా జరిగే కాలుష్యానికి ఇది పనికిరాదు, హఠాత్తు ప్రమాదానికే. ఆసుపత్రి ఖర్చులకు చేతిలో డబ్బు లేనివారు దీన్ని వాడుకుంటూనే మిగతా దారులు పట్టవచ్చు.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు. విశాఖ ఘటనలో రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు, వెంటిలేటర్ మీద ఉన్నవారికి 10 లక్షలు, ప్రభావిత ఊళ్ల వాసులకు 10,000 చొప్పున ప్రకటించింది. అది ప్రభుత్వ దయ, కంపెనీ బాధ్యత కాదు. తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు. తీసుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు పోదు. అర్జీలో మాత్రం ఇంత ముట్టిందని నిజం రాయాలి.

పురుగుమందులు, రంగులు, ఇంట్లో వాడే రసాయనాలు: వినియోగదారుల కమిషన్

కొన్న సరుకు వల్ల హాని జరిగితే 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం ఉంది. తయారీదారు, అమ్మినవారు ఇద్దరినీ పార్టీలుగా చేర్చవచ్చు. రైతు వినియోగదారుడే అని 2012లో మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది విత్తనాల కేసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. అదే తర్కం పురుగుమందుకూ పనికొస్తుంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయరు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు.

ఇక్కడి కష్టం లేబుల్. సీసా మీద ఎర్ర త్రికోణం, చేతి తొడుగులు వేసుకోమన్న హెచ్చరిక ఉంటే, పాటించలేదన్నదే కంపెనీ మొదటి వాదన అవుతుంది. హెచ్చరిక రైతు చదవలేని భాషలోనో, చూడలేనంత చిన్న అక్షరాల్లోనో ఉందని మీరు చూపాలి. సీసా పారేయకండి, బిల్లు లేకుండా మందు కొనకండి. మందు కొట్టిన కూలీకి బిల్లు ఉండదు. కానీ కొన్నవారి అనుమతితో వాడినవారు కూడా వినియోగదారులేనని వాదించవచ్చు. భూస్వామి దగ్గరి బిల్లు నకలు సంపాదించడం ఇక్కడ సగం పని.

హైకోర్టు రిట్, విదేశీ కోర్టు

లైసెన్సులిచ్చి తనిఖీలు మానేసిన శాఖ మీద, ప్రాణహాని కొనసాగుతుంటే వెంటనే ఆపించడానికి, రిట్ (ప్రభుత్వాన్ని ఆదేశించమని నేరుగా హైకోర్టును అడిగే పిటిషన్) బలమైనది. విశాఖ ఘటనలోనూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టి ఫ్యాక్టరీ ఆవరణను సీజ్ చేయమంది. జబ్బుకు కారణం ఏమిటనే వివాదం వస్తే మాత్రం హైకోర్టు సాక్ష్యాలు వినదు, వేరే చోటికి పంపుతుంది. కంపెనీ విదేశీది కదా, అక్కడే కేసు వేద్దాం అనేవారికి భోపాల్ గుర్తుచేయాలి. ఆ కేసును 1986లోనే అమెరికా కోర్టు భారతదేశానికి తిప్పి పంపింది. చివరికి 1989లో 47 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. దాన్ని పెంచమన్న కేంద్రం పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఎవరికి ఏది

ఈఎస్ఐ కార్డు ఉన్నవారు ముందు ఈఎస్ఐ ఆసుపత్రిలోనే జబ్బును వృత్తి జబ్బుగా నమోదు చేయించుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రి చీటీలో "శ్వాసకోశ ఇన్ఫెక్షన్" అని రాసి ఉంటే, మీరు చేసే పని, పీల్చే పదార్థం పేరు అదే కాగితం మీద డాక్టరుతో రాయించండి. కార్డు లేని సిమెంటు, క్వారీ, బట్టీ కార్మికులు లేబర్ అధికారి దగ్గరికి. ఊరి బాధితులు ట్రిబ్యునల్‌కు, ఆసుపత్రి ఖర్చుకు కలెక్టరు దగ్గరికి, రెండూ ఒకేసారి. మందు కొట్టే రైతు కమిషన్‌కు.

విషం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోతే ఏ దారీ సాగదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయారు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. కానీ ఫలానా కంపెనీ అని వేలెత్తి చూపడానికి ఆధారం లేకపోతే కేసులో ప్రతివాది ఉండడు. అందుకే వాసన వచ్చిన రోజే కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి, నీళ్ల నమూనా పంచాయతీ కార్యదర్శి ముందు సీల్ చేయించండి, తేదీతో ఫోటో తీయండి.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తు బాధితులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఉంటుంది, ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు ఆధార్, డిశ్చార్జ్ సమ్మరీ, జీతం ఆధారం, ఇప్పటివరకు ఎవరెవరి దగ్గర ఎంత తీసుకున్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి. అక్కడి లాయరును మొదట అడగాల్సింది, మీ కేసులో గడువు సరిగ్గా ఏ తేదీతో ముగుస్తుందని.